పదకొండు సెకన్ల పిలుపు

హిమబిందు చేసే ఉద్యోగం ఏమిటో వాళ్ళమ్మ పుష్పకి ఏడాదిగా అంతు చిక్కలేదు. కంప్యూటర్లు చూసుకుంటుంది అన్నంతవరకు బాగానే ఉంది. ఆ కంప్యూటర్లు కంటికి కనపడవు, చేతికి తగలవు, అయినా వాటిలో ఏది మేలుకుని ఉందో ఏది కునుకు తీస్తోందో చూస్తూ కూర్చోవడమే పని అంటేనే ఆవిడకి అనుమానం. "కనపడని కంప్యూటర్లకి కాపలా ఏటే?" అని ఒకనాడు అడగనే అడిగింది.

హిమబిందు ఇంటి భాషలోకి దిగి చెప్పింది. మధురవాడలో వాళ్ళ ఆఫీసు కింది అంతస్తులో, ఎప్పుడూ ఏసీ ఆడే గదిలో, ఆరు పెద్ద మెషిన్లున్నాయి. వాటిని ఆరు మేడలనుకోవాలి. ఒక్కో మేడనీ లోపల వాటాలు వేసి కంపెనీలకి ఇచ్చారు. ఒక్కో వాటా ఒక్కో కంప్యూటర్ కిందే లెక్క; ఆఫీసులో దాన్ని వీఎమ్ అనో, ఊరికే మెషిను అనో అంటారు. పక్క వాటాలో ఏం జరుగుతోందో దానికి తెలీదు. ఇటుక గోడలు కావు కాబట్టి కావాలంటే ఒక వాటాలో చోటు తీసి ఇంకోదాన్ని పెంచవచ్చు. ఎవరికెంత చోటివ్వాలి, ఎవరి వాటా ఊరికే పడి ఉంది అన్నది చూడటమే తన పని.

పుష్ప అంతా విని, "అయితే మన మల్కాపురం ఓనరమ్మ సేసే పనే నువ్వూ సేత్తన్నావ్," అని తేల్చేసింది. అంతకంటే తేటగా హిమబిందు మేనేజరు కూడా చెప్పలేడు.

అయితే ఓనరమ్మకి లేని తలనొప్పి ఒకటి హిమబిందుకి ఉంది. మనుషులు వాటా అడిగేటప్పుడు తమకెంత కావాలో అంతే అడగరు. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేవాళ్ళ జాతే ఇక్కడా. నాలుగు జీబీ మెమరీ సరిపోయే పనికి ముప్పై రెండు జీబీ కావాలంటారు. ఇచ్చాక అందులో ఓ మూల కూర్చుని మిగతాదంతా ఖాళీగా ఉంచుతారు. తీసేద్దామంటే, ఉండనీయండి, రేపెప్పుడో అక్కరకొస్తుంది అంటారు.

ఆ శ్రావణంలో, ఒక సోమవారం పొద్దున్న, మేనేజరు రోషన్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. శుక్రవారానికి కొత్త క్లయింటు దిగుతున్నారనీ, వాళ్ళకి అరవై జీబీ చోటు కావాలనీ చెప్పాడు. కొత్త మెషిను కొనే మాట ఎత్తవద్దన్నాడు.

"లిస్టు చూడండి హిమబిందూ. యజమాని పేరు లేని వీఎమ్‌లన్నీ ఆపేయండి. ఎవరిదైనా అయితే వాళ్ళే అరుస్తారు. గురువారం సాయంత్రం దాకా అరుపు రాలేదంటే డిలీట్."

దీనికి ఆఫీసులో అరుపు పరీక్ష అని పేరు. మేడల్లో వాటాలు ఇచ్చే ప్రతిచోటా ఇది ఏదో ఒక రూపంలో ఉన్నదే. అడగందే అమ్మయినా పెట్టదు, అరవనివాడికి చోటెందుకు అన్నదే దీని వెనకున్న వేదాంతం. హిమబిందుకి అది అంతగా రుచించలేదు కాని, ఆమె ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఆ నెలాఖరుకే కన్ఫర్మేషన్. మేనేజరు చెప్పినదానికి ఎదురు చెప్పే నెల కాదది.

పేరు లేనివి పదకొండు తేలాయి. పది ఆపడానికి ఆమెకి పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. పదకొండోదాని దగ్గర చెయ్యి ఆగింది. దాని పేరు నెత్తళ్ళు.

రెండేళ్ళ కిందట హార్బరులో సరుకు దించే కంపెనీ ఒకటి తన పాత సర్వర్ గది మూసేసి, సామానంతా ఈ మధురవాడ మేడల్లోకి మార్చింది. ఆ పాత గదిని జ్ఞానశేఖర్ అని ఒకాయన చూసేవాడట. మెషిన్లకి నంబర్లు పెట్టడం ఆయనకి గిట్టదు. పెద్దదానికి వంజరం, దాని తరవాతిదానికి పండుగప్ప, ఇంకోదానికి మాగ అని చేపల పేర్లు పెట్టాడు. అన్నిట్లోకీ చిన్నది, రెండే జీబీల ప్రాణి, నెత్తళ్ళు. మార్పు అయిన నెలకే ఆయన రిటైరై వెళ్ళిపోయాడు. ఆయన నంబరుకి చేస్తే ఇప్పుడు పరవాడలో ఎవరో లారీ డ్రైవరు ఎత్తుతున్నాడు.

హిమబిందు నెత్తళ్ళ గ్రాఫు తెరిచి చూసింది. రోజంతా గీత నేల మీదే ఉంది. మూడుసార్లు మాత్రం చిన్న గడ్డిపరకంత లేచి పడుతోంది. ఏమిటిది అనుకుంది. ఇంకాసేపు చూసేదే, కాని రోషన్ అవతల నుంచి "అయిందా?" అన్నాడు. ఆమె పదకొండూ పదికి దాన్ని కూడా ఆపేసింది. ఆపేశాక కూడా ఆ మూడు గడ్డిపరకలూ బుర్రలో గుచ్చుతూనే ఉన్నాయి.

మంగళవారం ఎవరూ అరవలేదు. బుధవారం రెండు అరుపులొచ్చాయి. కాలేజీవాళ్ళు ఒకరు, మందుల కంపెనీవాళ్ళు ఒకరు. వాళ్ళ మెషిన్లు తిరిగి లేపి, యజమాని గడిలో పేర్లు రాసింది. నెత్తళ్ళ కోసం ఒక్క మెయిలు లేదు, ఒక్క ఫోను లేదు.

ఇంటి దగ్గర ఆ మూడు రోజులూ తండ్రి వరహాలు ఖాళీగానే కనిపించాడు. ఆయన హార్బరులో బదిలీ కూలీ. అంటే రోజూ పనుండే మనిషి కాదు. పర్మినెంటువాళ్ళలో ఎవరైనా రాకపోతే ఆ చోటికి పిలిచే మనిషి. కంపెనీ నుంచి ఫోనొస్తే షిఫ్టుకి వెళ్ళాలి, రాకపోతే ఇంట్లో ఉండాలి. పందొమ్మిదేళ్ళుగా ఆయన బతుకు ఆ ఫోను చుట్టూనే తిరుగుతోంది. ఆ పనిలో ఒక గట్టి నియమం ఉంది. పిలిచాక వరసగా నాలుగుసార్లు రానివాడి పేరు కొట్టేస్తారు. కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కదు. హిమబిందు ఎనిమిదో తరగతిలో ఉండగా వరహాలు టైఫాయిడ్‌తో మూడు పిలుపులు వదులుకుని, నాలుగోదానికి జ్వరంతోనే ఆటో ఎక్కి వెళ్ళాడు. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

బుధవారం సాయంత్రం వాన జోరుగా కురుస్తోంది. హిమబిందు ఆఫీసు నుంచి తడిసి వచ్చేసరికి వరహాలు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఈ రోజూ పన్లేదా నాన్నా?"

"ఫోన్రాలేదు."

"ఓసారి గేటు దగ్గరికెళ్ళి అడగొచ్చు కదా?"

"పిలవని పేరంటానికి ఎల్తారేటే? పనుంటే ఆల్లే పిలుత్తారు. ఓడల్రాలేదేమో." ఫోను తెర తుడిచి, "నీ ఫోన్లోంచి నాకోసారి కొట్టు," అన్నాడు.

ఆమె కొట్టింది. ఆయన చేతిలో ఫోను గట్టిగా మోగింది. "మోగతంది," అని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. హిమబిందు తల తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఇంట్లో జరిగేదానికీ ఆఫీసులో జరిగేదానికీ మధ్య పాతిక కిలోమీటర్ల బస్సు ప్రయాణం ఉంటే మనిషి బుర్ర ఆ రెంటినీ ఒకచోట పెట్టి చూడదు. ఆమెని తప్పు పట్టి లాభం లేదు.

గురువారం పొద్దున్న ఆఫీసుకి చేరగానే ఆమె నెత్తళ్ళ గ్రాఫునే మళ్ళీ తెరిచింది. సాయంత్రం తుడిచేయాల్సినదాన్ని ఒక్కసారి చూసి తుడుద్దామని. ఈసారి రెండేళ్ళ గీత మొత్తం పరిచింది. రోజుకి మూడుసార్లు లేచేది. తెల్లవారి నాలుగున్నరకి, మధ్యాహ్నం పన్నెండున్నరకి, రాత్రి ఎనిమిదిన్నరకి. ఆదివారాల్లేవు, పండగల్లేవు. తుపాను వచ్చి ఊరంతా చీకటైన రోజున కూడా జనరేటరు మీద లేచి తన పని తాను చేసుకుంది. కాళ్ళూ చేతులూ లేని యంత్రానికి ఇంత నిష్ఠ ఏమిటి? ఎవరి కోసం?

ఆపిన మెషిన్ని లేపవద్దన్నది నియమం. నకలు తీయవద్దని ఎవరూ చెప్పలేదు. ఆమె నెత్తళ్ళకి ఒక నకలు తీసి, బయటి ప్రపంచంతో దానికి ఏ తీగా కలవకుండా తెంపి, ఆ నకలుని లేపింది. ఇక అది లోపలే లేస్తుంది, లోపలే పడుకుంటుంది, ఎవరికీ చెరుపు లేదు.

లోపల పెద్దగా ఏమీ లేదు. ఒక చిన్న ప్రోగ్రాము, ఒక చిట్టా, ఒక శబ్దం ఫైలు, ఒక చిన్న నోటు. ఆమె ముందు చిట్టా తెరిచింది. అవి ఫోన్ కాల్స్. రోజుకి మూడు పూటలా, పూటకి ఆరుగురికి, ఈ మెషిను ఫోన్లు చేస్తోంది. ప్రతి వరసలో ఒక నంబరు, ఎత్తారా లేదా అన్నది, ఎన్ని సెకన్లు అన్నది ఉన్నాయి. ప్రోగ్రాము చూస్తే అది చేసే పని ఒక్కటే: అవతలివాడు ఎత్తగానే ఆ శబ్దం ఫైలు వినిపించడం, అవతలివాడు పెట్టేసేదాకా లైను పట్టుకుని ఉండటం.

శబ్దం ఫైలు నిడివి పదకొండు సెకన్లు. చిట్టాలో ఒక్క కాల్ కూడా పదకొండు దగ్గర ఆగలేదు. పద్నాలుగు, పద్నాలుగు, పదమూడు, పదిహేను, పద్నాలుగు. రెండేళ్ళు వెనక్కి వెళ్ళినా అంతే. చెప్పేది అయిపోయాక ఈ మనుషులు మూడు సెకన్లు ఫోను పట్టుకుని ఏం చేస్తున్నారు? పెట్టేయడానికి బటను వెతుక్కుంటున్నారా? అందరూ, ప్రతిసారీ, మూడు సెకన్లే వెతుక్కుంటారా? హిమబిందుకి రోషన్ చెప్పిన అరవై జీబీలూ మరుపుకొచ్చాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని శబ్దం ఫైలు నొక్కింది.

"నమస్కారం బాబూ. హార్బరు నుంచి మాట్లాడతన్నాం. ఈ షిఫ్టుకి మీ వంతొచ్చింది. టైముకి గేటు కాడికొచ్చీండి. జాగర్తగా రండి."

నడివయసు ఆడగొంతు. కొంచెం బొంగురు. చివరి మాట దగ్గర మెత్తబడుతుంది.

ఆ గొంతు ఆమెకి తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. తెల్లవారుజామున దుప్పటి ముసుగులో, పక్క మంచం మీంచి, తండ్రి ఫోన్లోంచి సగం నిద్రలో వినపడే గొంతు. బడి పరీక్షల రోజుల్లో అలారం అక్కర్లేకుండా లేపిన గొంతు. ఆమె ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.  నాన్న ఫోను మోగకపోవడానికి ఓడలు రాకపోవడం కారణం కాదు. నేనే ఆపాను.

నోటు తెరిచింది. రాసినది జ్ఞానశేఖరే. "ఈ గొంతు మా ఆవిడ దీవెనమ్మది. గేటు ఆఫీసులో ఆపరేటరుగా ఇరవై రెండేళ్ళు బదిలీవాళ్ళని ఆవిడే పిలిచేది. ఆవిడ రిటైరయ్యాక కొత్త గొంతు వింటే ఇదెవరో మోసం ఫోననుకుని పెట్టేస్తున్నారు. అందుకని ఆవిడ చేతే రికార్డు చేయించాను. ఇది ఆగితే మీకు తెలియదు. దయచేసి ఆపవద్దు." ఇంత ముఖ్యమైన మాట రాసి మహానుభావుడు దాన్ని ఆ మెషిను లోపలే పెట్టాడు. పెట్టె తాళంచెవి పెట్టెలోనే పెట్టి తాళం వేశాడన్నమాట.

ఇది ఆగితే మీకు తెలియదు. హిమబిందు ఆ వాక్యం మళ్ళీ చదివింది. అరుపు పరీక్షలో ఎవరూ ఎందుకు అరవలేదో అప్పుడర్థమైంది. ఫోను రాకపోతే పని లేదని అర్థం. పందొమ్మిదేళ్ళుగా అంతే. ఫోను రాలేదని ఎవడైనా ఎందుకు అరుస్తాడు? పని లేని రోజున అందరికీ వినపడేది ఆ నిశ్శబ్దమే. మరి అవతల గేటు దగ్గర సూపర్‌వైజరో? ఆయన తన ఫోన్లో బటను నొక్కుతాడు, వెంటనే "పిలిచాం" అని చూపిస్తుంది, ఆ తరవాత బదిలీవాళ్ళు రారు. శ్రావణ మాసం, వానలు పడ్డాయి, ఊళ్ళల్లో ఊడుపులు. ఏటా ఈ రోజుల్లో సగంమంది నాట్లకని ఊరు పోతూనే ఉంటారు. ఆయనకీ ఆశ్చర్యం లేదు. రానివాళ్ళ పేర్లెదురుగా ఇంటూ మార్కు పెట్టుకుంటూ పోతాడు.

ఇంటూ. నాలుగు ఇంటూలు.

సూపర్‌వైజరు నొక్కే బటను నుంచి వచ్చే చీటీలు వేరే మెషిన్లో ఒక డబ్బాలో పడతాయని ప్రోగ్రాములో ఉంది. ఆ డబ్బా తెరిస్తే తొమ్మిది చీటీలు పేరుకుని ఉన్నాయి. సోమవారం మధ్యాహ్నం నుంచి ఆ రోజు తెల్లవారుజాము దాకా తొమ్మిది షిఫ్టులు, షిఫ్టుకి ఆరుగురు, యాభై నాలుగు పిలుపులు. ఒక్కటీ వెళ్ళలేదు. ప్రతి చీటీతో పాటు, పేరు కొట్టేసినప్పుడల్లా కూడా, బదిలీవాళ్ళ పూర్తి జాబితా వస్తుంది. సోమవారం జాబితాలో పదిహేడు నంబర్లున్నాయి. కాసేపటి కిందటే వచ్చిన తాజా జాబితాలో పద్నాలుగు. ముగ్గురి పేర్లు అప్పటికే కొట్టేశారు. ఆమె ఆ మూడూ వెతికింది. మొదటి నంబరు చూడగానే వెతకడం మానేసింది. ఆ నంబరు ఆమెకి కంఠతా వచ్చు, నిన్న సాయంత్రమే కొట్టింది.

టైము పదకొండున్నర. పన్నెండున్నరకి ఇంకో ఆరుగురి వంతు. వాళ్ళకీ మూడేసి ఇంటూలున్నాయి.

ఆమె నేరుగా రోషన్ గదికి వెళ్ళింది. కూర్చోకుండానే జరిగినదంతా చెప్పింది. వాడుకలో ఉన్న మెషిన్ని తాను ఆపానని, ఇప్పుడే లేపాలని.

రోషన్ చెడ్డవాడు కాదు. చిక్కొస్తే ముందు కాగితం గురించి ఆలోచించే రకం, అంతే. "లేపండి. వెంటనే లేపండి. అయితే హార్బరువాళ్ళకి టెక్నికల్ ఫాల్ట్ అని రాయండి. ఎవరి పేరూ వద్దు. మీ పేరు రాస్తే మీ కన్ఫర్మేషన్ ఫైల్లో పడుతుంది, అది నేను కూడా తీయలేను."

"మరి అరవై జీబీ?"

"నెత్తళ్ళలో ఉన్నది రెండే కదా, అదొక లెక్కా?"

"లెక్క కాదు సార్. అరుపు రానివన్నీ తీసినా ఇంకా ముప్పై జీబీ చాలడం లేదు. మీ పేరుతో ఒక టెస్టు మెషినుంది. ముప్పై రెండు జీబీ. ఏడాదిగా దాని గీత లేవలేదు. యజమాని పేరుంది కాబట్టి నేను ముట్టుకోలేదు."

రోషన్ కిటికీలోంచి వానకేసి చూసి, "తీసుకోండి," అన్నాడు.

నెత్తళ్ళని లేపడం ఒక నొక్కు పని. కాని అలాగే లేపితే అది డబ్బాలో ఉన్న తొమ్మిది చీటీలూ ఒకేసారి చదివి యాభై నాలుగు పాత పిలుపులూ గుక్క తిప్పుకోకుండా పిలిచేస్తుంది. జరిగిపోయిన షిఫ్టులకి జనం గేటు దగ్గర గుమిగూడతారు. అందుకని ముందు చీటీలన్నీ తీసి పక్కన దాచింది. అవి సాక్ష్యం కూడా. పన్నెండుకి మెషిన్ని లేపింది. గీత ఒకసారి లేచి, నేల మీద కూర్చుని, తన వేళ కోసం ఎదురుచూడసాగింది. ఆమె తొమ్మిది చీటీల ప్రింటు తీసుకుని, గొడుగు పట్టుకుని హార్బరు బస్సెక్కింది.

లేబర్ సెక్షన్ ఆఫీసరు గురునాథరావు గారికి రిటైర్మెంటు దగ్గర పడింది. బల్ల మీద కంప్యూటరున్నా పక్కన అట్ట రిజిస్టరు కూడా ఉంది. హిమబిందు తెచ్చిన కాగితాలు ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఫోన్లు పోనే పోలేదు అన్న మాట దగ్గర కళ్ళజోడు తీశాడు.

"నాట్లకి పోయారనుకున్నామమ్మా మేము. ముగ్గురిని ఇవాళ పొద్దున్నే కొట్టేశాను."

"తిరిగి రాయించాలి సార్. వాళ్ళ తప్పు లేదు. టెక్నికల్..." అని ఆగిపోయింది.

"టెక్నికల్ ఫాల్ట్ అని రోజుకొక కాగితం వస్తుందమ్మా నాకు. ఆ మాటతో రిజిస్టరు దిద్దితే రేపు ఆడిట్లో నన్ను కొడతారు. కొట్టేసిన పేరు మళ్ళీ ఎక్కాలంటే, కారణమైన మనిషి సంతకంతో రావాలి. ఇది మా పాత పద్ధతి. క్రేను డ్రైవరు తప్పయినా, గేటు క్లర్కు తప్పయినా అంతే. మనిషి పేరు లేని తప్పుని మేం ఒప్పుకోం."

హిమబిందు పెన్ను అడిగింది. ఏడాది ఉద్యోగం, జీతం దాచడానికి బ్యాంకులో అమ్మ చేత తీయించిన ఖాతా, నెలాఖరు, అన్నీ ఒక్క క్షణం కళ్ళ ముందు తిరిగాయి. భయం వేసింది. అయినా చెయ్యి రాస్తూనే ఉంది. సోమవారం పదకొండూ పదికి ఆ మెషిన్ని నేను ఆపాను. అది ఏం చేస్తోందో తెలుసుకోకుండా ఆపాను. గురువారం పన్నెండు దాకా ఎవరికీ పిలుపు వెళ్ళలేదు. పదిహేడుమంది పేర్లెదురుగా పడ్డ గైర్హాజరీలన్నీ నా వల్ల పడ్డవే. కింద సంతకం, పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా.

గురునాథరావు గారు ఇంటి పేరు చదివి రిజిస్టరులోకి చూశాడు. "ఈ వరహాలు నీకేమవుతాడమ్మా?"

"మా నాన్న."

"అయితే నాన్న కోసం వచ్చావన్నమాట."

"ఆయన పేరు చూసే భయపడ్డాను సార్. కాని యాభై నాలుగు ఇంటూలు నావి. అన్నీ తీసేయండి."

ఆయన ఎర్ర పెన్ను తీసి, ఒక్కొక్క ఇంటూ పక్కనా చిన్న అక్షరాలతో రద్దు అని రాయడం మొదలుపెట్టాడు. యాభై నాలుగూ అయ్యేదాకా ఆమె నిలబడే ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం దగ్గర కూర్చోకముందే చెప్పేసింది. కడుపులో పెట్టుకుని ముద్ద మింగడం ఆమె వల్ల కాలేదు. మెషిను, నెత్తళ్ళు, అరుపు పరీక్ష, ఇంటూలు, పేరు కొట్టివేత, సంతకం, అన్నీ. పుష్ప నోటి మీద చెయ్యి వేసుకుంది. వరహాలు ఫోను జేబులోంచి తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నువ్వే ఆపీసినావా."

"నేనే నాన్నా. తెలీక."

 ఆయన నెమ్మదిగా అన్నాడు. "నాను ఫోన్ పాడైపోయిందనుకున్నాను. మంగలారం షాపోడి కాడికి ఒట్టుకెల్లాను. ఆడు ఇప్పి సూసి, ఫోన్ సుబ్బరంగుందన్నాడు. అప్పుడనుకున్నాను, అయితే నానే పాడైపోయానేమో, ఒయిసైపోయిందని వొగ్గేసేరేమోనని. మీయమ్మకి కూడా సెప్పలేదు."

హిమబిందుకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. వరహాలు ఆమె కంచం ముందుకి జరిపాడు.

"ఊరుకో. సంతకం ఎట్టీసి వొచ్చినావు గదా. నీ ఉజ్జోగం ఏటవుద్ది?"

"ప్రొబేషన్ ఇంకో ఆర్నెల్లు పెంచుతారట. మా సార్ మెసేజ్ పెట్టారు."

"నాను పందొమ్మిదేల్లుగా అదే గదేటి," అన్నాడాయన. "తిను."

మర్నాడు శుక్రవారం. నాలుగున్నరకి ఫోను మోగింది. హిమబిందు అప్పటికే మేలుకుని ఉంది. నిజానికి నాలుగు నుంచీ మేలుకునే ఉంది. పక్క మంచం మీద వరహాలు లేచి కూర్చుని ఫోను చెవికి పెట్టుకోవడం మసక వెలుగులో కనిపించింది. చిన్నగా, బొంగురుగా, ఆ గొంతు వినపడింది. నమస్కారం బాబూ. ఆమె లోపల లెక్క పెడుతోంది. జాగర్తగా రండి దగ్గరికి పదకొండు. గొంతు ఆగిపోయింది.

వరహాలు ఫోను చెవి నుంచి తీయలేదు.

"అలాగేనమ్మా, వత్తన్నాను," అన్నాడు.

మూడు సెకన్లు. హిమబిందు దుప్పట్లో లేచి కూర్చుంది. కాని ఆయన ఇంకా పెట్టేయలేదు.

"నాలుగ్రోజులై మీ పిలుపు లేదు. బాగున్నారు గదా? ఉంటానమ్మా."

అప్పుడు పెట్టేశాడు.

"నాన్నా, అది రికార్డు," అంది హిమబిందు.

"తెలుసునే. రికార్డని ఎర్రోడికైనా తెలుత్తాది. ముందు మడిసే పిలిచీది, తరవాత రికార్డెట్టేరు." ఆయన చొక్కా వేసుకుంటూ అన్నాడు. "అయినా అంత మరేదగా పిలిచినమ్మకి పలక్కుండా ఎలాగ పెట్టేత్తామే?"

ఆయన టిఫిను డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఆ రోజు మామూలు కంటే రెండు బస్సుల ముందు బయల్దేరింది. మధురవాడలో ఇంకా లైట్లు కూడా వేయని ఆఫీసులో, తన బల్ల దగ్గర నిలబడే నెత్తళ్ళ చిట్టా తెరిచింది. తెల్లవారి నాలుగున్నర, ఆరు పిలుపులు. ఆరుగురూ ఎత్తారు. పక్కన సెకన్లు: ఇరవై రెండు, పంతొమ్మిది, ఇరవై ఆరు, ఇరవై, ఇరవై మూడు, ముప్పై ఒకటి.

ఆ ఆరు అంకెల్లో ఒకదాని సంగతే ఆమెకి తెలుసు. మిగతా ఐదుగురు దీవెనమ్మని ఏమడిగారో ఏ మెషినూ రాసుకోలేదు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, నెత్తళ్ళ పేరెదురుగా రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న యజమాని గడిలో తన పేరు రాసింది.